శివరాత్రి గింజ, ఉగాది కూర

శివరాత్రికీ ఉగాదికీ మధ్య ఎన్ని రోజులుంటాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వస్తే ఉగాది మార్చి 30న వచ్చింది. 2026లో ఫిబ్రవరి 15, మార్చి 19. రెండుసార్లూ 32 రోజులే. తిథుల లెక్క కాబట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, నెల మీద రెండు రోజులు అనుకోండి. మా తోట మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. శివరాత్రికి గింజ మట్టిలో పడాలి, ఉగాది నాడు కంచంలో మన కూర ఉండాలి. శివ శివా అనుకుంటూ చలి పోయే రోజులు కదా, గింజ కూడా తొందరగా కళ్లు తెరుస్తుంది.

నేను మల్కాజిగిరిలో ఇంట్లోనే బ్లౌజులు, పిల్లల ఫ్రాకులు కుడతాను. ఓనర్ వాళ్ల ఇంటి మీద వేసిన రెండు గదుల పోర్షన్‌లో అద్దెకుంటాం. గుమ్మం ముందు ఖాళీ డాబా. అందులో మాకు దక్కింది తూర్పు పిట్టగోడ వెంబడి పదిహేను అడుగుల జాగా. మట్టి నింపి మొక్కలు పెంచే సంచులు, అంటే గ్రో బ్యాగులు పద్నాలుగు, ఒక మల్లె కుండీ, పగిలిన టబ్బులో పుదీన. తోట అంటే ఇంతే. ఇంట్లో నేను, మా ఆయన, అత్తమ్మ, ఇంటర్ చదివే కొడుకు, ఏడో తరగతి కూతురు. అత్తమ్మది జనగామ దగ్గర పల్లె. ఇక్కడ చెప్పేవాటిలో సగం ఆమె నేర్పినవి, మిగతా సగం నేను చెడగొట్టి నేర్చుకున్నవి.

ముందు ఓనర్ ఆంటీ

అద్దె ఇంట్లో విత్తనం కంటే ముందు ఓనర్ మాట తీసుకోవాలి. మొదటి ఏడాది నేను ఎవరినీ అడగలేదు. సిమెంటు కుండీలు తెచ్చి నేరుగా స్లాబు మీద పెట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు కుమ్మరించాను. మే నెల దాటకుండానే కింద ఆంటీ వాళ్ల పడకగది కప్పు మీద పళ్లెమంత తడి మచ్చ తేలింది. ఆమె కేకలేయలేదు. నన్ను పిలిచి, మంచం మీద కూర్చోబెట్టి, పైకి చూడమంది. దానికంటే నాలుగు మాటలన్నా బాగుండేది.

ఇప్పుడు మా బ్యాగుల్లో ఒక్కటి కూడా స్లాబును తాకదు. ఇటుకలు పేర్చి, వాటి మీద పాత తలుపు చెక్కలు వేసి, నేల నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో పెట్టాం. ఇనుప స్టాండ్లు కొనగలిగితే ఇంకా మంచిది. కింద గాలి ఆడాలి, కారిన నీళ్లు నిలవకుండా మోరీ వైపు జారిపోవాలి. బరువు సంగతీ చూసుకోండి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న బ్యాగులో 22 లీటర్ల దాకా మట్టి పడుతుంది. ఒట్టి మట్టే నింపి తడిపితే 30 కిలోలు దాటిపోతుంది. అందుకే తేలిక మట్టి కలుపుకోవాలి, బ్యాగులను డాబా నడుమ కాకుండా కింద గోడ ఉన్న వరసలో పిట్టగోడకు ఆనించి పెట్టుకోవాలి.

మట్టి కలిపే పని శివరాత్రికి పది రోజుల ముందే పెట్టుకోండి. నేను ఎర్రమట్టి ఒక తట్ట, కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు ఒకటిన్నర తట్ట, మాగిన పశువుల పెంట ఒక తట్ట, బ్యాగుకు గుప్పెడు చొప్పున వేప పిండి కలుపుతాను. ఐదు కిలోల కోకోపీట్ దిమ్మను నీళ్లలో వేస్తే ఉబ్బి 70 లీటర్ల దాకా అవుతుంది. చూసి దిమ్మలు కొనండి, మొదటిసారి నేను మూడు తెచ్చి ఎక్కడ పోయాలో తెలియక బాత్రూం టబ్బు నింపాను. మొదటి నీళ్లు పారబోసి మళ్లీ ఒకసారి కడగాలి, కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది. పెంట మాగిందో లేదో ముక్కే చెబుతుంది. పిడికిట పట్టి చూస్తే పేడ వాసన రాకూడదు, తొలకరి నాటి మట్టి వాసన రావాలి. చేతికి వేడి తగిలితే అసలే వద్దు, మొక్కల వేర్లు మాడిపోతాయి. కలిపినదాన్ని తడిపి, పాత చీర కప్పి వారం నీడన ఉంచండి.

పోయిన ఏడాది మట్టిని పారేయకండి. రెండు రోజులు ఎండలో పరిచి, వేర్లు ఏరేసి, మూడో వంతు కొత్త ఎరువు కలిపితే సరిపోతుంది. మట్టి కొనడం అంటే అత్తమ్మకు ఇప్పటికీ నవ్వే. "మన్ను గూడ కొంటున్నరా? రేపు గాలి గూడ కొంటరు" అంటుంది.

మల్లెకు శివరాత్రి దాకా ఆగొద్దు

మల్లె లెక్క వేరు. సంక్రాంతి సకినాల డబ్బా ఖాళీ అయ్యేలోపు కత్తెర పట్టాలి. మల్లె మొగ్గ కొత్త చిగురు కొసనే పుడుతుంది. పాత కొమ్మ ఎంత గుబురుగా ఉన్నా దాని మీద ఆకులే. అందుకని మోకాలి ఎత్తుకు కోసేయాలి, ఎండు పుల్లలు తీసేయాలి, మిగిలిన ఆకులన్నీ దూసేయాలి. తర్వాత ఎనిమిది పది రోజులు నీళ్లు బంద్. అప్పుడు పైమట్టిని గుల్ల చేసి, రెండు దోసిళ్ల పెంట వేసి, కుండీ అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోయాలి. అక్కడి నుంచి ఐదారు వారాలకు మొగ్గలు చూస్తారు. కుండీ రోజంతా ఎండ పడే చోట ఉండాలి. మల్లెకు నీడ ఇస్తే ఆకులిచ్చి ఊరుకుంటుంది.

మొదటిసారి నేను ఈ పనికి బట్టలు కోసే కత్తెరే వాడాను. ఆ తర్వాత అది గుడ్డను కోయలేదు, నమిలింది. కొమ్మల కత్తెర వేరే కొనుక్కోండి. ఇంకో తప్పు, ఇంట్లో చెప్పకుండా కోయడం. ఊరెళ్లి వచ్చిన అత్తమ్మ ఆ మోడును చూసి రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడింది. కోడలు చెట్టును చంపిందని ఫోన్లో ఆడబిడ్డకు చెబుతుంటే విన్నాను. హోలీ పండగ దాటాక ఒక సాయంత్రం ఆమె కొంగు నిండా మొగ్గలు తెచ్చి నా కుట్టు మిషన్ మీద పోసింది. మాట మాత్రం ఏమీ అనలేదు.

మొగ్గలు కోసేది సాయంత్రం నాలుగు, ఐదు గంటల మధ్య, తెల్లగా ఉబ్బి ఇంకా విచ్చుకోకముందు. తడిగుడ్డలో చుట్టి పెడితే రాత్రి అన్నాల వేళకు ఇల్లంతా వాసన. రోజుకు మూర దండ రాదు, ఒక్క కుండీకి అంత ఆశ వద్దు. రెండు రోజుల మొగ్గలు కలిపితే మా చిన్నదాని జడకు సరిపోతాయి. దండ కట్టడం దానికి నేర్పింది కూడా నానమ్మే, బొటనవేలికి దారం చుట్టి.

ఏం వేయాలి, ఏం వద్దు

32 రోజుల్లో తినగలిగేవి కొన్ని, అప్పటికి నిలదొక్కుకుని ఎండాకాలం కాసేవి కొన్ని. ఈ రెండూ కలిపి వేసుకుంటే ఉగాదికి చెయ్యి ఖాళీగా ఉండదు, ఉగాది తర్వాత బ్యాగులూ ఖాళీగా ఉండవు. మా పద్నాలుగు బ్యాగుల పంపకం ఇది: తోటకూర నాలుగు, బెండ నాలుగు, పుంటికూర రెండు, బీర రెండు, మెంతికూర ఒకటి, కొత్తిమీర ఒకటి. మెంతికూరకు పోపుల డబ్బాలో మెంతులే చాలు, మూడు వారాలకు లేతగా కోసుకోవచ్చు. కొత్తిమీరకు ఇదే ఆఖరి అవకాశం, ఎండ ముదిరితే నేరుగా పూతకు పోతుంది, కాబట్టి ఆ బ్యాగును మధ్యాహ్నం నీడ వచ్చే మూలన పెట్టండి. పుంటికూరకు ఎండంటే భయం లేదు. సిటీలో గోంగూర అని రాసి అమ్మే ప్యాకెట్ అదే.

టమాట మాత్రం వద్దు. ఫిబ్రవరిలో నర్సరీకి వెళితే పచ్చగా కళకళలాడే టమాట నారు మిమ్మల్నే పిలుస్తున్నట్టుంటుంది. తెచ్చి నాటితే ఏపుగా ఎదిగి, పూత సమయానికి ఏప్రిల్ ఎండ తగిలి పూలన్నీ రాలిపోతాయి. నేను రెండేళ్లు నీళ్లు పోసి ఆరు కాయలు తిన్నాను. దాన్ని వానాకాలానికి వదిలేయండి.

బెండలో నేను అర్క అనామిక వేస్తాను. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ తెచ్చిన రకం. హైబ్రిడ్ కాదు కాబట్టి ఒకసారి కొంటే గింజ మనమే దాచుకోవచ్చు.

జాగారం రాత్రి

మా ఆయన శివరాత్రికి కీసరగుట్ట జాతరకు వెళతాడు. ఇంట్లో మేం నలుగురం మేలుకుంటాం, అంటే పన్నెండు దాకా. ఆ రాత్రే గింజలు నానబెట్టే పని. బెండ గింజలు ఒక గ్లాసులో, బీర గింజలు ఇంకో గ్లాసులో. బీర గింజ పెంకు గట్టిది, నెయిల్ కట్టర్‌తో కొసన కొద్దిగా గిల్లితే నీళ్లు తొందరగా లోపలికి పోతాయి. లోపలి పప్పుకు తగలకుండా చూసుకోండి. ఈ పని మా కొడుక్కి ఇస్తాను, కళ్లు బాగా కనిపించేది వాడికే. తెల్లారేదాకా, అంటే ఎనిమిది పది గంటలు నానితే చాలు. అప్పటికీ తేలుతున్న గింజలను పక్కన పెట్టేయండి. తోటకూర, పుంటికూర గింజలను నానబెట్టే పని లేదు.

మర్నాడు పొద్దున బ్యాగులను తడిపి, బెండ గింజలు బ్యాగుకు మూడు చొప్పున, బొటనవేలి గోరు లోతులో పెట్టండి. పది రోజులయ్యాక బలమైన మొక్క ఒక్కటే ఉంచాలి. మిగతా రెండూ పీకితే ఉంచినదాని వేర్లు కదులుతాయి, కాబట్టి వాటిని మొదలు దగ్గర కత్తిరించేయండి. బీర బ్యాగుకు రెండు గింజలు, అదే పద్ధతి.

తోటకూర గింజ ఆవాలకంటే చిన్నది. అలాగే చల్లితే ఒకచోట గుంపు, ఒకచోట బోడి. పిడికెడు పొడి ఇసుకలో కలిపి చల్లాలి. అందులో చెంచాడు బొంబాయి రవ్వ కూడా కలపండి. చీమలు రవ్వ మోసుకుపోయే పనిలో పడి గింజల జోలికి రావు. పైన పలుచగా మట్టి జల్లి, చేత్తో చిలకరించాలి. చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. నీళ్ల సీసా మూతకు సూదితో బెజ్జాలు పెట్టుకుంటే అంతకన్నా మంచి చిలకరింపు దొరకదు.

ఇక పావురాలు. మన సిటీలో తోట వేసుకునేవాళ్లకు వీటిని మించిన శత్రువు లేదు. మొలక రెండాకులు వేసేసరికి వరసగా వచ్చి కూర్చుంటాయి. సీడీలు వేలాడదీశాం, మెరిసే కాగితాలు కట్టాం, వాటికి అలవాటైపోయింది. చివరికి పనికొచ్చింది నా కుట్టు బుట్టలోదే, ఫ్రాకుల కింద వేసే క్యాన్‌క్యాన్ నెట్. మిగిలిన ముక్కలు కుట్టి బ్యాగు మీద టోపీలా తొడిగి, ఎలాస్టిక్ వేశాను. గాలి, ఎండ, నీళ్లు అన్నీ పోతాయి, ముక్కు మాత్రం దూరదు. గులాబీ, పసుపు, నీలం రంగు టోపీలు పెట్టుకుని నిలబడ్డ ఆ బ్యాగులను చూసి ఓనర్ ఆంటీ, "పెళ్లికి పోతున్నాయా?" అంది.

పరీక్షల నెల

ఈ 32 రోజులూ పిల్లల పరీక్షల రోజులే. ఇంట్లో టెన్షన్, పైన ఎండ. పనంతా ఒక్కరి నెత్తినే పడితే సగంలోనే విసుగొస్తుంది, అందుకే పంచేశాను. పొద్దున ఏడు గంటలకు నీళ్లు పోసేది కొడుకు. ఫోను లేకుండా వాడు గడిపే ఇరవై నిమిషాలు అవే. నీళ్లు రోజూ పోయాలని లేదు. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడాలి, లోపల తడి తగిలితే ఆ రోజుకు వదిలేయాలి. మార్చి రెండో సగంలో మాత్రం దాదాపు రోజూ కావాలి. నడి ఎండలో పోయొద్దు.

బియ్యం, పప్పు కడిగిన నీళ్లను బకెట్లో పట్టి పోస్తాం. ఉప్పు తగిలిన నీళ్లు పనికిరావు. ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్లు పొదుపు కదా అని ఒక ఏడాది మిరప మొక్కలకు పోశాను. మట్టి మీద తెల్లటి పొర కట్టింది, ఆకుల కొసలు మాడాయి. నీళ్లలోని ఉప్పులన్నీ అందులోకే వస్తాయని తర్వాత అర్థమైంది. ఇప్పుడు వాటితో డాబా కడుగుతాం.

మార్చి నడిమికి ఒంటిపూట బడులు మొదలవుతాయి. చిన్నది ఒంటిగంటకే ఇంట్లో ఉంటుంది, సాయంత్రం నా టేపు పట్టుకుని బెండ మొక్కలను కొలుస్తుంది. టైలర్ చాక్‌తో పిట్టగోడ మీద రాసిపెడుతుంది: "3వ బ్యాగు, 11 సెంటీమీటర్లు, నిన్న 9." పెద్దోడు లెక్కల పేపర్ రాసి వచ్చిన రోజు ఎవరితో మాట్లాడకుండా డాబా మీదే కూర్చుని, నాలుగు తోటకూర బ్యాగుల్లో గడ్డి మొత్తం పీకేశాడు. ఎలా రాశావని నేనూ అడగలేదు. ఒక గ్లాసు మజ్జిగ పక్కన పెట్టి వచ్చాను.

కాముని పున్నం, అంటే హోలీ పున్నమి, ఈ లెక్కలో సరిగ్గా నడుమన వస్తుంది. ఆ వారంలో తోటకూర పలుచన చేయాలి. జానెడు కాకముందే రెండు వేళ్ల ఎడం ఉంచి మిగతావి వేర్లతో సహా లాగేయండి. ఆ లేత మొలకలు గుప్పెడైనా పప్పులో వేసుకోండి, ఈ ఏడాది తొలి పంట అదే. హోలీ రోజు మాత్రం బ్యాగుల మీద బరకం కప్పండి. చిన్నదాని స్నేహితులు ఒకసారి గులాబీ రంగు బకెట్ మొత్తం మెంతికూర మీద గుమ్మరించారు. ఆ కూర ఎవరూ నోట్లో పెట్టలేదు, తీసి పారేశాం.

రసం పీల్చే పురుగు పేనుబంక బీర చిగుళ్ల మీదికి ముందు వస్తుంది, బెండ ఆకుల అడుగునా దాక్కుంటుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు దాన్ని కుంకుడు రసంలో గిలక్కొట్టి, తర్వాత నీళ్లు పోయాలి. ఎండ దిగాక ఆకుల అడుగున తడిసేలా కొట్టండి, వారానికోసారి చాలు. బెండ ఆకుల ఈనెలు పసుప్పచ్చగా మారితే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది. మందు వెతక్కండి, మొక్క పీకేయండి. పీకడానికి మనసొప్పక నేను ఒక మొక్కను ఉంచాను, పక్క రెండూ పోయాయి.

ఉగాది పొద్దున

వేప పువ్వు మా డాబాలో పూయదు, వీధి చివర చెట్టుంది. ముందు రోజు రాత్రి అత్తమ్మ చెట్టు కింద పాత దుప్పటి పరిపిస్తుంది. తెల్లారేసరికి తెల్లటి పూత రాలి ఉంటుంది. పచ్చడికి సరిపడా తీసి, మిగతాది నీడన ఆరబెట్టి సీసాకెత్తితే ఏడాదంతా చారులోకి వస్తుంది. మామిడికాయ, బెల్లం, చింతపండు, కొత్త కుండ బజారు నుంచి. పుదీన మాది. తోటకూర మాది.

తోటకూరను ఈసారి పీకకండి. మొదలు నుంచి నాలుగు వేళ్లు వదిలి కోస్తే కణుపుల దగ్గర మళ్లీ చిగురేస్తుంది, ఇంకో రెండు కోతలు వస్తాయి. నాలుగు బ్యాగుల కూర ఐదుగురికి ఒక పూట పప్పుకు, ఇంకో పూట వేపుడుకు వచ్చింది. నెలంతా చేసిన పనికి ఇంతేనా అని మా ఆయన అడిగాడు. బక్షాలు తిన్నాక అడిగాడు కాబట్టి ఊరుకున్నాను. బెండకు అప్పటికి ఇంకా మొగ్గలే. మొదటి కాయకు విత్తిన రోజు నుంచి 45 నుంచి 50 రోజులు పడుతుంది.

బీర పూత కూడా ఉగాది దాటాకే. ముందు మగ పూలు గుత్తులుగా వస్తాయి, రాలిపోతాయి, కంగారు పడకండి. ఆడ పువ్వుకు వెనకాల వేలెడు పిందె ఉంటుంది. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. డాబా మీదికి తేనెటీగలు అంతగా రావు, కాబట్టి ఐదున్నర, ఆరు గంటల వేళ మగ పువ్వు తెంపి, రేకులు తీసి, ఆడ పువ్వు నడుమ మెల్లగా రుద్దండి. తీగను కట్టడానికి బ్లౌజు ముక్కల పీలికలు వాడండి, ప్లాస్టిక్ తాడు కాండాన్ని కోసేస్తుంది. ఏప్రిల్ రెండో వారానికి సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టేయండి, మట్టి మీద ఎండుటాకులు రెండు వేళ్ల మందాన పరవండి.

బెండకాయలు రోజు విడిచి రోజు కోయాలి, కొస విరిస్తే టక్కుమనాలి. ఒక మంచి మొక్క మీద మాత్రం రెండు కాయలు వచ్చే ఏడాది గింజకు వదలండి. అవి చెట్టు మీదే ఎండి, గోధుమరంగుకు తిరిగి, పగుళ్లు చూపించేదాకా ఉండాలి. ఎవరూ తెంపకుండా నేను వాటికి ఎర్ర పీలికలు కడతాను. పోయిన ఏడాది మా ఆయన ఒక కాయను పీలికతో సహా కోసుకొచ్చి, పులుసులోకి ఇంత ముదురుది పనికొస్తుందా అని అడిగాడు.